కట్టు విప్పాక

తోట షెడ్డు,
5 మార్చి 2025

సౌజన్యా,

మావయ్య ఉత్తరం రాశాడేంటి, ఫోన్లు లేవా అనుకుంటావు. ఉంది. ఇంటికి ఒక్కటే ఫోను, అది మీ అత్త చేతిలో ఉంటుంది. ఎవరితో మాట్లాడినా స్పీకర్ పెట్టి మాట్లాడుతుంది. మనింట్లో మాట చిన్నయ్య కొట్టు దాకా వినపడుతుంది. ఇది అలా వినపడాల్సిన సంగతి కాదు. అందుకని ఏడో తరగతి తర్వాత మళ్లీ ఇప్పుడు పెన్ను పట్టాను. తప్పులుంటే నువ్వు నవ్వుకో, ఎవరికీ చూపించకు.

పోయిన నెల జ్వరమొచ్చి ఊళ్లో నర్సమ్మ దగ్గరికి వెళ్లాను. చేతికి పట్టీ చుట్టి చూసి, "బీపీ ఉంది సవరయ్యా, నూట డెబ్బై" అంది. బిళ్లలిచ్చింది. రెండ్రోజులు మింగాను. జ్వరం తగ్గింది కదా అని అవీ మానేశాను.

అంతటితో అయిపోతే బాగుండేది. నిరుడు పెద్ద రసం మామిడి చెట్టు మీంచి ఒకడు పడి నడుం విరగ్గొట్టుకున్నాడు కదా. అందుకని మన ఆసామి లక్ష్మీనరసింహారావు గారు ఈ ఏడు కొత్త రూలు పెట్టారు. కోతలు మొదలయ్యే ముందు తోటలోనే డాక్టరు చేత చెట్టెక్కే వాళ్లందరికీ బీపీ చూపిస్తారట. ఎక్కువున్నవాడు చెట్టెక్కకూడదు. కింద ఆడాళ్లతో కూర్చుని కాయలు ఏరుకోవాలి.

ముఠా మేస్త్రీని నేను. చిటారు కొమ్మన ఉన్న కాయని కూడా సొన కారకుండా తొడిమతో దింపుతాను. నన్ను ట్రేల దగ్గర కూర్చోబెట్టి మచ్చకాయ ఇటు, మంచికాయ అటు వెయ్యమంటే ఏం మొహం పెట్టుకుని వెయ్యను? ఆ ఆలోచనొచ్చినప్పటి నుంచి కాలు కాలిన పిల్లిలా తోటంతా తిరుగుతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికెళ్లాలో తెలీదు.

రమ్య పెళ్లిలో నువ్వేదో చెప్పావు. మీ ఫిజియోథెరపీ కాలేజీలో మనుషుల తొడలకి పట్టీలు కట్టి నడిపిస్తారని, తర్వాత బీపీ చూస్తారని. అప్పుడు పప్పు వడ్డిస్తూ సరిగ్గా వినలేదు. అదేంటో వివరంగా రాయి.

మీ అత్త మామూలే. ఎండ ముదిరే కొద్దీ తలనొప్పంటుంది. ఆ ఎర్ర గుడ్డ తలకి బిగించి కట్టుకుని నా మీద కసురుకుంటుంది. నాకు బీపీ ఉందని ఆవిడకి తెలిసిందా, చెట్టు కాదు గదా అరుగు కూడా ఎక్కనివ్వదు. చెప్పావంటే నా మీద ఒట్టే. జవాబు ఇంటికి కాదు, తోట అడ్రసుకి రాయి.

ఇట్లు,
మీ మావయ్య సవరయ్య


విశాఖపట్నం, హాస్టలు,
11 మార్చి

మావయ్యా,

నీ ఉత్తరం చూసి మా రూములో అందరూ ఎగబడ్డారు. ఉత్తరం అనేది వాళ్లెప్పుడూ అందుకోలేదట. భయపడకు, చూపించలేదు. దస్తూరీ మాత్రం బాగుంది, ఒట్టు.

ముందు ఒక తిట్టు. బీపీ బిళ్లలు జ్వరం బిళ్లల్లాంటివి కావు, తగ్గిందని మానెయ్యడానికి. రేపట్నుంచి మళ్లీ మొదలుపెట్టు. అత్తకి చెప్పను, నువ్వు మింగితేనే.

ఇక నువ్వడిగింది. మా మేడమ్ చేస్తున్న పరిశోధన అది, నేను అందులో సాయం. తొడ పైభాగంలో గాలి నింపే పట్టీ కడతాం. నర్సమ్మ నీ చేతికి చుట్టిందే, దాని అక్క అనుకో. రక్తం పూర్తిగా ఆగిపోకూడదు, కాల్లోంచి వెనక్కి వెళ్లేది మాత్రం తగ్గాలి. ఎవరికెంత బిగించాలో ముందు మిషన్‌తో చూసి అంతే బిగిస్తాం. ఆ కట్టుతో మెల్లగా నడిపిస్తాం. మెల్లగా నడిచినా కాలికి గట్టిగా పని చేసినట్టుంటుంది. నడుస్తున్నంతసేపూ బీపీ పైకి పోతుంది. కట్టు విప్పి కూర్చోబెడితే దిగుతుంది. కొందరికి మొదట ఉన్నదానికన్నా కిందికి దిగుతుంది. అలా ఎంత దిగుతుంది, ఎంతసేపు నిలుస్తుంది, ఉత్తినే నడిచినవాళ్లకన్నా ఎక్కువా అనేది తేల్చాలని మేడమ్ పట్టుదల.

నిన్న ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. కట్టుతో నడిచి, విప్పాక బీపీ తగ్గిందని చెబితే "పెన్షన్ పెరిగినంత హాయిగా ఉందమ్మా" అన్నారు. ఇంత ఇష్టంగా నా పని గురించి ఎవరూ అడగలేదు మావయ్యా. మా అమ్మ కూడా "ఉద్యోగం ఎప్పుడొస్తుంది" అనే అడుగుతుంది. ఇంకేం కావాలన్నా అడుగు.

నీ మేనకోడలు,
సౌజన్య


తోట షెడ్డు,
17 మార్చి

అమ్మాయ్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. డాక్టర్లు కూడా ఇంత విడమరిచి చెప్పరు. మీ అమ్మ మాట వదిలెయ్. మా అక్క చిన్నప్పుడు నన్నూ అంతే, "ఎప్పుడు దిగుతావురా" అనేది గానీ చెట్టు మీంచి ఏం కనపడుతోందిరా అని అడిగేది కాదు.

కొన్ని అనుమానాలు. కట్టు విప్పాక ఆ దిగడం ఎంతసేపుంటుంది? డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి మళ్లీ పైకి పోతుందా? గాలి పట్టీనే కావాలా, ఏదైనా పరవాలేదా? తొడకి పైనా, మోకాలి దగ్గరా? ఎంత బిగించాలి, వేలు దూరేంతా, దూరనంతా?

నేను రోజూ పొద్దు వాలాక తోట చుట్టూ నడుస్తున్నాను. ఆరోగ్యానికి మంచిదన్నారుగా. ఈ ఏడు పూత బాగానే నిలిచింది, తేనెమంచు పురుగు కొంత తిన్నది. బంగినపల్లి ముందొస్తుంది. కలెక్టరు కాయ మామూలే. రసాలకి ఇంకా టైముంది. హనుమాన్ జంక్షన్ లారీల వాళ్లు అప్పుడే వచ్చి కాయ చూసి పోతున్నారు. గాలివాన రాకుండా ఉంటే చాలు.

ఇంట్లో రెండ్రోజుల్నుంచి రభస. మీ అత్త ఎర్ర గుడ్డ కనపడటం లేదట. దండెం మీద వేశాను, ఎవడెత్తుకుపోయాడు అని వీధి వీధంతా అడిగింది. ఒక గుడ్డ ముక్క కోసం అంత రాద్ధాంతమా! నా పాత లుంగీ చింపి ఇస్తే "ఇది బిగుసుకోదు" అని విసిరికొట్టింది.

త్వరగా రాయి. డాక్టరు నెలాఖరులో వస్తాడు.

మీ మావయ్య


విశాఖపట్నం,
22 మార్చి

మావయ్యా,

నీ ప్రశ్నలు మేడమ్‌కి చెప్పాను, పేరు చెప్పకుండా. "మీ ఊరాయన నీకన్నా బాగా అడుగుతున్నాడే" అంది. గర్వంతో మెస్సులో నీళ్లలాంటి సాంబారు కూడా రెండోసారి పోయించుకున్నాను.

దిగడం అందరికీ ఒకలా ఉండదు. మా దగ్గర కొందరికి గంట దాకా కాస్త తక్కువగా ఉంది, కొందరికి అసలు దిగలేదు. తర్వాత ఎక్కడిదక్కడికే వస్తుంది. అంటే రోగం పోయినట్టు కాదు, కాసేపు తలుపు చాటుకి వెళ్లినట్టు. కట్టేది తొడ మొదట్లో. గుడ్డలూ తాళ్లూ పనికిరావు, ఎంత బిగిసిందో తెలీదు కదా. నరాలు తిమ్మిరెక్కుతాయి, రక్తం గడ్డ కట్టే ప్రమాదమూ ఉంది. బీపీ బాగా ఉన్నవాళ్లని మేం అసలు తీసుకోం.

నువ్వు నడుస్తున్నావంటే ఎంత సంతోషమో. బిళ్లలు కూడా మింగుతూ నడిస్తే డాక్టరు వచ్చేసరికి నిజంగానే తగ్గుతుంది. అంతకన్నా ఏం కావాలి?

అత్తకి ఈసారి వచ్చేటప్పుడు నేనే మంచి గుడ్డ ఒకటి తెస్తానని చెప్పు.

సౌజన్య


తోట షెడ్డు,
1 ఏప్రిల్

బంగారు తల్లీ,

గెలిచాం! నూట ముప్పై ఆరు! చీటీ మీద "చెట్టెక్కవచ్చు" అని రాసి సంతకం పెట్టాడు డాక్టరు. ఏప్రిల్ ఫూలు కాదు, నిజం.

ఇక నీ దగ్గర దాపరికం ఎందుకు. ఆ ఎర్ర గుడ్డ నేనే తీశాను. నిలువునా రెండుగా చింపితే తొడకొకటి సరిగ్గా సరిపోయింది. మీ అత్త ఏళ్ల తరబడి బిగించీ బిగించీ అది తాడులా తయారైంది, జారదు. పాత లుంగీ జారిపోతుంది, చూశాను. పది రోజులు పొద్దు వాలాక కట్టుకుని నడిచి అలవాటు చేశాను. మొదట్లో పాదాలు చెట్టు వేళ్లలా మొద్దుబారాయి. తర్వాత ఎంత బిగించాలో చేతికే తెలిసిపోయింది. డాక్టరు వచ్చిన పొద్దున తోట వెనక కంచె వెంట నడిచి, షెడ్డు చాటున కట్టు విప్పి, మంచినీళ్లు తాగి, పెద్దమనిషిలా వచ్చి కుర్చీలో కూర్చున్నాను. "ఈ వయసులో బాగా ఉంచుకున్నావయ్యా" అన్నాడు డాక్టరు. పక్కనే మా ముఠాలో పాల్ రాజు నా వంక అనుమానంగా చూశాడు. చూసుకోనీ. నువ్వు చదివిన చదువు ఊరికే పోలేదమ్మాయ్, మావయ్యని చెట్టెక్కించింది.

నిన్న బంగినపల్లి కోత మొదలైంది. పైన గాలి ఎంత హాయిగా ఉందో! ఒక్కసారి మాత్రం కొమ్మ మీద నిలబడి గడ అందుకుంటుంటే కళ్లు బైర్లు కమ్మాయి. రెండు చేతులా కొమ్మని వాటేసుకుని నిలబడ్డాను. పొద్దున చద్దన్నం తినలేదు, అందుకేలే. డాక్టరు మళ్లీ ఎప్పుడైనా ఊడిపడతాడేమోనని నిన్నా ఇవాళా పని మొదలెట్టే ముందు కట్టుకుని నడిచే ఎక్కాను, ఇక రోజూ అంతే.

ఒకటే తంటా. సాయంత్రాలు ఒంటరిగా తోటలోకి పోవడం, పోస్టుమాన్ తోటకి రావడం, నేను ఉత్తరాలు దాచుకోవడం, ఇవన్నీ మీ అత్త కనిపెట్టింది. నాకెవరో ఉన్నారనుకుంటోంది. ఈ వయసులో! నవ్వాలో ఏడవాలో తెలీక ఊరుకున్నాను. ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనంది.

మీ మావయ్య


విశాఖపట్నం,
5 ఏప్రిల్

మావయ్యా,

నీ ఉత్తరం చదివాను. గెలిచాం అంటావా? ఎవర్ని గెలిచావు?

నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి! గుడ్డలు పనికిరావని రాశానా లేదా? కట్టుతో నడిచేటప్పుడు బీపీ పైకి తన్నుతుంది. నీది అసలే ఎక్కువ. విప్పాక కిందికి దిగే ఆ టైములోనే నువ్వు చెట్టు మీద నిలబడుతున్నావు. కళ్లు బైర్లు కమ్మింది చద్దన్నం తినక కాదు. మా దగ్గర కట్టు విప్పాక మనిషిని కుర్చీలోంచి లేవనివ్వం, తెలుసా? నువ్వు కొమ్మెక్కావు.

ఇంకోటి విను. ఇప్పటిదాకా మాకు వచ్చినదాన్ని బట్టి చూస్తే, కట్టుతో నడిచినవాళ్లకీ, కట్టు లేకుండా చురుగ్గా నడిచినవాళ్లకీ తర్వాత దిగినదాంట్లో పెద్ద తేడా లేదు. నిన్ను కుర్చీలో గెలిపించింది నీ నడక అయ్యుంటుంది, ఆ గుడ్డ కాదు. అదీ గంటసేపు.

మూడుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి అత్త స్పీకర్ పెట్టి నీకిస్తే "ఆఁ, ఆఁ, బాగున్నా, సిగ్నల్ లేదు" అని పెట్టేశావు. రెండోసారి తోటకెళ్లావంది. మూడోసారి అత్తే ఏడ్చింది. "మీ మావయ్యకి ఎవత్తో దొరికిందే, రాత్రీ పగలూ తల పగిలిపోతోందే" అని ఒకటే గోల. నిజం చెప్పలేక, అబద్ధం చెప్పలేక, "ఎక్కువ ఆలోచించకత్తా, బామ్ రాసుకుని పడుకో" అన్నాను. ఎవరి కోసం నేనిలా నలిగిపోవాలి?

నువ్వు చెట్టు దిగు. బిళ్లలు మింగు. ఆసామికి నిజం చెప్పు. లేకపోతే నేనే అత్తకి చెబుతాను. నీ మీద ఒట్టు వేశావు కదా అని ఊరుకుంటే, ఆ ఒట్టు లేకుండానే నీకేదో అయ్యేట్టుంది.

సౌజన్య


తోట షెడ్డు,
10 ఏప్రిల్

సౌజన్యకి,

బెదిరిస్తున్నావా? నీకు జడలు వేసినవాణ్ణి నేను.

చెట్టు దిగు అని రాయడానికి నీకు ఒక్క చుక్క సిరా చాలు. దిగితే నేనేంటి? పాల్ రాజు మేస్త్రీ అవుతాడు. నేను వాడికి ట్రేలు అందించాలి. నిన్న మబ్బు పట్టింది. గాలివాన కొట్టకముందే పెద్ద చెట్లు దింపాలని ఆసామి తొందర పెడుతున్నారు. ఇలాంటప్పుడు మేస్త్రీ నాకు ఒంట్లో బాగాలేదంటాడా? కోత అయ్యాక నువ్వు ఏ బిళ్ల మింగమంటే ఆ బిళ్ల మింగుతా.

గుడ్డ వల్ల కాదు, నడక వల్లే అన్నావు. అయితే ఇంకేం భయం? గుడ్డ వల్ల ఏం కానప్పుడు కట్టుకుంటే తప్పేంటి? మీ చదువు మీకే అర్థం కాదు.

నాకు నిద్ర కూడా సరిగ్గా పట్టట్లేదు. మీ అత్త అటు తిరిగి పడుకుని రాత్రంతా మూలుగుతుంది. నా మీద కోపానికి మూలుగుడు కూడా నేర్చింది. ఒట్టు సంగతి గుర్తుంచుకో.

సవరయ్య


విశాఖపట్నం,
14 ఏప్రిల్

మావయ్యా,

ఒట్టు తీసి గట్టున పెట్టాను. ఇప్పుడే అత్తకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. బీపీ, గుడ్డ, డాక్టరు, ఉత్తరాలు, అన్నీ. స్పీకర్ ఉందో లేదో కూడా అడగలేదు.

అత్త అంతా వింది. తర్వాత "అయితే ఎవత్తీ లేదా?" అంది. లేదన్నాను. "నా గుడ్డా అది?" అంది. అంతే, ఫోన్ పెట్టేసింది.

నువ్వు నాతో జన్మలో మాట్లాడకపోయినా పరవాలేదు. నేను చెప్పిన చదువుతో నువ్వు కొమ్మ మీంచి పడితే, ఆ తర్వాత నేను ఏ మనిషికి పట్టీ కట్టగలను?

సౌజన్య


ఇల్లు,
20 ఏప్రిల్

సౌజన్యా,

నీ ఆఖరి ఉత్తరం నాకు అందేసరికి ఇక్కడ అంతా అయిపోయింది. నీ ఫోన్ పెట్టేసిన గంటలో మీ అత్త మిట్టమధ్యాహ్నం చెప్పులు కూడా లేకుండా తోటకొచ్చేసింది. నేను పెద్ద రసం చెట్టు మీదున్నాను. కింద నిలబడి "దిగవయ్యా!" అని అరిచిన అరుపుకి ముఠాకి ముఠా పని ఆపేసింది. ఆడాళ్లు ట్రేలు వదిలేసి వచ్చారు. "నూట డెబ్బై పెట్టుకుని కొమ్మలెక్కుతాడా? నా గుడ్డ చింపుకుని కాళ్లకి కట్టుకుంటాడా? నీకేమన్నా అయితే నేనెవడి మొహం చూసి బతకాలి?" అంటూ ఆసామి ముందే దులిపేసింది. నేను దిగాను. నీ మీద ఎంత కోపమొచ్చిందంటే, నువ్వు ఎదురుగా ఉంటే రెండు పీకేవాణ్ణి.

కింద కాలు పెట్టగానే నా మొలలో దోపుకున్న గుడ్డ ముక్కలు లాగేసుకుంది. "ఇదిగో నా గుడ్డ" అని రెండు ముక్కలూ కలిపి ముడేసి, అక్కడే తలకి బిగించి కట్టుకుని, ఒక ట్రే బోర్లించి కూలబడింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆసామి ఊళ్లో నర్సమ్మని పిలిపించారు. నాకు చూసింది. నూట అరవై ఎనిమిది. ఆసామి పాల్ రాజు వైపు చూసి తలూపారు. నా మేస్త్రీతనం అంతటితో సరి. సిగ్గుతో తలొంచుకుని నిలబడ్డాను.

నర్సమ్మ పట్టీ చుట్టేసుకుంటూ మీ అత్తని అడిగింది. "తలకి ఎందుకమ్మా ఆ కట్టు?"

"తలనొప్పికి."

"ఎన్నాళ్లుగా?"

"ఈయన్ని కట్టుకున్నప్పట్నుంచీ అనుకో" అంది మీ అత్త. మళ్లీ అందరూ నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు. పట్టీ విప్పి మీ అత్త చేతికి చుట్టింది. చూసింది. ఇంకో చేతికి చుట్టి మళ్లీ చూసింది. "ఎండలో పరిగెత్తుకొచ్చా కదమ్మా, అందుకేలే" అని మీ అత్తే ఆమెకి సర్ది చెప్పబోయింది. కాసేపు కూర్చోబెట్టి మూడోసారి చూసింది. అప్పుడు ఆసామితో మెల్లగా "కారు తీయించండి బాబుగారూ, నూజివీడు ఆసుపత్రికి" అంది.

రెండొందల పదిహేను, సౌజన్యా. నాది ఏ మూలకి! చెట్టెక్కే మగాళ్లందరికీ చూశారు. కింద ఏరే ఆడాళ్లు చెట్టెక్కరుగా, వాళ్లకెవరూ చూడలేదు. ఆసుపత్రి డాక్టరు "ఇన్నాళ్లు పక్షవాతం రాకపోవడం మీ అదృష్టం" అన్నాడు. ఐదు రోజులు ఉంచుకున్నారు. నేను మంచం పక్కనే కూర్చున్నాను. కూర్చోవడమే, లేవాలనిపించలేదు. ఆవిడ మాత్రం నర్సులందరికీ నా గుడ్డ కథ చెప్పి నవ్వించింది. నిన్న ఇంటికి తీసుకొచ్చాను. ఇప్పుడు ఇద్దరం చెరో బిళ్ల మింగుతున్నాం. నేను మింగానో లేదో నోరు తెరిపించి చూస్తోంది.

నువ్వు ఒట్టు గట్టున పెట్టకపోతే ఆవిడ తోటకి వచ్చేది కాదు. నర్సమ్మ వచ్చేది కాదు. నీ మీద కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. నువ్వు బామ్ రాసుకోమన్నావని బాధపడకు. నువ్వు ఫోన్‌లో విన్నావు, నేను పక్కన పడుకుని విన్నాను.

ఆ గుడ్డ ఉతికి దండెం మీద వేశాను. చూసినప్పుడల్లా ఒకటే అనిపిస్తోంది. నా కాళ్లకి గుడ్డ ఎంత బిగించాలా అని నీకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి అడిగాను. ఆవిడ తలకి అంత గట్టిగా ఎందుకు బిగించుకుంటోందో ఇన్నేళ్లలో ఒక్కనాడూ అడగలేదు.

రాత్రి పడుకునే ముందు "తల ఎలా ఉంది?" అని అడిగాను. ఆవిడ నా వంక ఎగాదిగా చూసి, "ఏం, మళ్లీ నాదేం ఎత్తుకెళ్లాలి?" అంది.

మీ మావయ్య సవరయ్య

తా.క. జవాబు ఇంటికే రాయి. ఆవిడని రోజూ ఎంత దూరం నడిపించాలి, ఎంత నెమ్మదిగా, ఏ వేళప్పుడు, నడిచాక ఎంతసేపు కూర్చోబెట్టాలి, అన్నీ విడమరిచి రాయి. ఈసారి చెప్పింది చెప్పినట్టు చేస్తాను.